గెస్ట్ టూల్స్: సీడీ నుంచి కెర్నల్‌లోకి

లైనక్స్ వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన మరో కంప్యూటర్) వీఎంవేర్ టూల్స్ ఎలా పెట్టుకోవాలని వెతికితే ఇప్పటికీ చాలాచోట్ల ఒకటే పద్ధతి కనిపిస్తుంది. మెనూలోంచి సీడీ ఇమేజ్ తగిలించండి, అందులోని టార్ ఫైల్ విప్పండి, పెర్ల్ స్క్రిప్ట్ నడపండి, అడిగిన ప్రతి ప్రశ్నకూ ఎంటర్ కొట్టండి. 2008లో అది సరైన సలహానే. ఇవాళ అలాగే చేస్తే కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) చక్కగా పనిచేస్తున్న డ్రైవర్ల మీద పాతవి తెచ్చి రుద్దినట్టవుతుంది. విండోస్ గెస్ట్‌కు, అంటే విండోస్ నడిచే వర్చువల్ మెషీన్‌కు మాత్రం ఆ సీడీ అవసరం ఇంకా తీరలేదు. ఎక్కడ సీడీ కావాలి, ఎక్కడ వద్దు అన్నది అర్థం కావాలంటే ఈ సాఫ్ట్‌వేర్ ఎందుకు పుట్టిందో, ఎటు వెళ్లిందో తెలియాలి.

వీఎంవేర్ టూల్స్, వర్చువల్‌బాక్స్ గెస్ట్ అడిషన్స్, హైపర్-వీ ఇంటిగ్రేషన్ సర్వీసెస్ అని పేర్లు వేరైనా లోపల ఉండేవి రెండు రకాలు. మొదటివి డ్రైవర్లు: డిస్క్, నెట్‌వర్క్, తెర, మౌస్, మెమరీ కోసం. రెండోది ఏజెంట్: గెస్ట్ లోపల నడుస్తూ, హోస్ట్ (గెస్ట్‌లను మోసే అసలు కంప్యూటర్) అడిగినప్పుడు ఐపీ అడ్రస్ చెప్పడం, సక్రమంగా షట్‌డౌన్ చేయడం, బ్యాకప్‌కు ముందు ఫైల్ సిస్టమ్‌ను కాసేపు నిలపడం లాంటి పనులు చేసే సర్వీసు. మొదట్లో రెండూ ఒకే సీడీలో వచ్చేవి. లైనక్స్‌లో తర్వాత దారులు వేరయ్యాయి. డ్రైవర్లు కెర్నల్‌లోకి వెళ్లాయి, ఏజెంట్ డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీగా మిగిలింది.

గెస్ట్‌కు తాను వర్చువల్ మెషీన్‌లో ఉన్నానని తెలియకూడదన్నది తొలి ఆదర్శం. అది పూర్తిగా పాటిస్తే వేగం పోతుందని ఐబీఎం 1970లలోనే గుర్తించింది. తన వర్చువల్ మెషీన్ వ్యవస్థ వీఎం/370 మీద ఓఎస్/వీఎస్1 ఆపరేటింగ్ సిస్టమ్ నడిపితే మెమరీ పేజింగ్ (మెమరీని పేజీలనే ముక్కలుగా డిస్క్‌లోకి పంపడం, వెనక్కి తేవడం) రెండుసార్లు జరిగేది, ఒకసారి గెస్ట్‌లో, ఒకసారి కింద ఉన్న కంట్రోల్ ప్రోగ్రామ్‌లో. పైగా కింది పొరలో ఒక పేజీ కోసం ఆగాల్సి వస్తే గెస్ట్ మొత్తం ఆగిపోయేది. దీనికి ఐబీఎం తెచ్చిన ఏర్పాటు పేరు హ్యాండ్‌షేకింగ్. పేజీ ఇంకా రాలేదని కంట్రోల్ ప్రోగ్రామ్ గెస్ట్‌కు ఒక ఉత్తుత్తి పేజ్ ఫాల్ట్ పంపేది. గెస్ట్ ఆ పనిని పక్కనపెట్టి మరో పని అందుకునేది. కావాలనుకుంటే గెస్ట్ తన పేజింగ్‌ను పూర్తిగా మానేసి ఆ బాధ్యతను కిందికే వదిలేయవచ్చు. ఇవాళ్టి గెస్ట్ టూల్స్ వెనకున్న ఆలోచన అంతా అప్పుడే ఉంది.

పీసీల్లో ఉండే ఎక్స్86 మీద వీఎంవేర్ వర్క్‌స్టేషన్ 1999లో వచ్చింది. వర్చువలైజేషన్‌కు అనువుగా కట్టిన ప్రాసెసర్ కాదది. పెంటియంలో 17 ఇన్‌స్ట్రక్షన్లు ఇందుకు అడ్డని 2000లో వచ్చిన ఒక విశ్లేషణ లెక్కతేల్చింది. బైనరీ ట్రాన్స్‌లేషన్‌తో, అంటే గెస్ట్ కోడ్‌ను నడుస్తుండగానే మార్చి రాయడం ద్వారా, వీఎంవేర్ ఆ అడ్డంకి దాటింది. డివైస్‌ల దగ్గర వేరే చిక్కు వచ్చింది. ఏ గెస్ట్ అయినా గుర్తుపట్టాలని నెట్‌వర్క్‌కు ఏఎండీ పీసీనెట్ కార్డును అనుకరించారు. నిజమైన కార్డుకు ఒక ప్యాకెట్ పంపాలంటే డ్రైవర్ దాని రిజిస్టర్లను పలుమార్లు తాకుతుంది. వర్చువల్ మెషీన్‌లో అలా తాకిన ప్రతిసారీ గెస్ట్‌ను ఆపి, హైపర్‌వైజర్‌లోకి (గెస్ట్‌లను నడిపే కింది పొర) వెళ్లి, పని చూసుకుని తిరిగి రావాలి. సీపీయూ కాలమంతా ఈ రాకపోకలకే ఖర్చయ్యేది. అనుకరణ మానేసి, గెస్ట్‌తో నేరుగా మాట్లాడే కల్పిత కార్డు ఒకటి తయారుచేసి, దానికి డ్రైవర్ తామే ఇస్తే ఈ తంటా చాలావరకు పోతుంది. వీఎంఎక్స్‌నెట్ అలా పుట్టింది. తెర సంగతీ ఇదే. డ్రైవర్ లేకపోతే అప్పటి విండోస్ 640 × 480, 16 రంగుల దగ్గరే ఆగిపోయేది.

ఏజెంట్ హోస్ట్‌తో మాట్లాడటానికి వీఎంవేర్ ఒక రహస్య ద్వారం పెట్టుకుంది. హెక్సాడెసిమల్‌లో 5658 నంబరు ఐ/ఓ పోర్ట్ అది. మామూలు కంప్యూటర్‌లో యూజర్ ప్రోగ్రామ్ ఆ పోర్ట్‌ను తాకితే ప్రాసెసర్ తప్పు పట్టి ఆ ప్రోగ్రామ్‌ను ఆపేస్తుంది. వీఎంవేర్ కింద అయితే హైపర్‌వైజర్ ఆ పిలుపును అందుకుని జవాబిస్తుంది. నెట్‌వర్క్ కార్డు లేకపోయినా టూల్స్ పనిచేయడానికి కారణం ఇదే. మాల్వేర్ రాసేవాళ్లు తాము వర్చువల్ మెషీన్‌లో ఉన్నామో లేదో పసిగట్టడానికి కూడా ఇదే దారి వాడుకున్నారు.

ఐబీఎం ఎదుర్కొన్న రెండంచెల పేజింగ్ సర్వర్ హైపర్‌వైజర్లలో మళ్లీ తలెత్తింది. వీఎంవేర్ సర్వర్ హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్‌లో దీన్ని ఎలా తప్పించారో ఆ సంస్థలోని కార్ల్ వాల్డ్‌స్పర్గర్ 2002లో ప్రచురించారు. గెస్ట్ లోపల బెలూన్ అనే చిన్న డ్రైవర్ ఉంటుంది. హోస్ట్‌కు మెమరీ కరువైనప్పుడు అది గెస్ట్‌లో మెమరీ అడిగి పట్టుకుంటుంది, ఆ పేజీలను హోస్ట్ వెనక్కి తీసుకుంటుంది. ఏ పేజీ అనవసరమో గెస్ట్‌కే బాగా తెలుసు కాబట్టి, అది తనకు పనికిరానివే ముందు వదులుతుంది. బెలూన్ లేకపోతే హోస్ట్ గుడ్డిగా పేజీలను డిస్క్‌లోకి తోస్తుంది. గెస్ట్ సరిగ్గా అదే పేజీని తన స్వాప్‌లోకి (మెమరీ కోసం డిస్క్‌లో కేటాయించిన చోటు) పంపాలనుకుంటే, హోస్ట్ దాన్ని డిస్క్ నుంచి చదివి తెచ్చాక గెస్ట్ మళ్లీ డిస్క్‌లో రాయాలి. టూల్స్ లేని గెస్ట్‌లు, మెమరీ తక్కువ ఉన్న హోస్ట్ కలిస్తే అంతా ఒక్కసారిగా మందగించడానికి తరచూ కారణం ఇదే.

గడియారానిది మరో కథ. లైనక్స్ 2.6 కెర్నల్ టైమర్‌ను సెకనుకు 100 నుంచి 1000 టిక్‌లకు పెంచింది. గెస్ట్‌కు సీపీయూ వంతు రాని క్షణాల్లో టిక్‌లు జారిపోయి గడియారం వెనకబడేది. టూల్స్ దాన్ని ముందుకు జరిపేవి. పక్కనే నెట్‌వర్క్ నుంచి టైమ్ తెచ్చే ఎన్‌టీపీ కూడా నడుస్తుంటే రెండూ చెరోవైపు లాగేవి. ఇప్పటి కెర్నళ్లలో ఈ జబ్బు తగ్గింది. లోపల క్రోనీ లాంటి ఎన్‌టీపీ ప్రోగ్రామ్ నడిపి, టూల్స్‌లోని క్రమానుగత టైమ్ సింక్ ఆపి ఉంచడమే సరైన అమరిక. అయితే అది ఆపినా, స్నాప్‌షాట్‌కు (దాచిపెట్టిన పాత స్థితి) వెనక్కి వెళ్లినప్పుడు, సస్పెండ్ నుంచి లేచినప్పుడు, మెషీన్ ఒక హోస్ట్ నుంచి మరో హోస్ట్‌కు మారినప్పుడు టూల్స్ ఒకసారి హోస్ట్ గడియారాన్ని చూసి సరిదిద్దుతాయి. హోస్ట్ టైమ్ తప్పయితే గెస్ట్ టైమ్ ఉన్నట్టుండి తప్పుతుంది. డేటాబేస్ సర్వర్లలో ఈ కారణం కనిపెట్టడానికి చాలా సమయం వృథా అవుతుంటుంది. హోస్ట్‌లో ఎన్‌టీపీ సరిగా ఉందో లేదో ముందు చూడాలి.

ఇక సీడీల కాలం. లైనక్స్ కెర్నల్ మాడ్యూల్ (డ్రైవర్ లాంటి, కెర్నల్‌కు తగిలించే ముక్క) ఏ కెర్నల్‌కు కంపైల్ చేస్తే దానికే సరిపోతుంది. టూల్స్ సీడీలో ప్రసిద్ధ డిస్ట్రిబ్యూషన్లకు ముందే కంపైల్ చేసిన మాడ్యూళ్లు ఉండేవి. మిగతావారు జీసీసీ, మేక్ అనే కంపైల్ పనిముట్లు, కెర్నల్ హెడర్లు (ఆ కెర్నల్‌కు మాడ్యూల్ కట్టడానికి కావాల్సిన ఫైళ్లు) పెట్టుకుని అక్కడికక్కడే కట్టుకోవాలి. కెర్నల్ అప్‌డేట్ అయి రీబూట్ చేశాక వీఎంఎక్స్‌నెట్ మాడ్యూల్ దొరక్కపోతే సర్వర్‌కు నెట్‌వర్కే ఉండేది కాదు. కన్సోల్‌లో లాగిన్ అయి కాన్ఫిగ్ స్క్రిప్ట్ మళ్లీ నడపాల్సి వచ్చేది. ఈ భయంతో సెక్యూరిటీ అప్‌డేట్లే వాయిదా వేసిన సర్వర్లు ఉండేవి. డ్రైవర్‌ను కెర్నల్ బయట ఉంచడం వల్ల కలిగిన అసలు నష్టం అదేనని మా అభిప్రాయం.

మార్పు 2007లో మొదలైంది. ఆ ఏడాది వీఎంవేర్ టూల్స్‌లో చాలా భాగాన్ని ఓపెన్-వీఎం-టూల్స్ పేరుతో ఓపెన్ సోర్స్ చేసింది. తర్వాత డ్రైవర్లు ఒక్కొక్కటే ప్రధాన కెర్నల్‌లోకి చేరాయి. 2009 చివర్లో 2.6.32తో వీఎంఎక్స్‌నెట్3, 2010లో డిస్క్ డ్రైవర్ పీవీస్కసీ, బెలూన్, 2013లో 3.9తో గెస్ట్, హోస్ట్ మాట్లాడుకునే వీఎంసీఐ వచ్చాయి. 2014 నాటి రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7 నుంచి ఏజెంట్ కూడా డిస్ట్రిబ్యూషన్‌లోనే వస్తోంది. ఇప్పుడు చేయాల్సింది ఇంతే: ప్యాకేజీ మేనేజర్‌తో ఓపెన్-వీఎం-టూల్స్ పెట్టడం, తెర సర్దుబాటు, కాపీ-పేస్ట్ కావాలంటే దాని డెస్క్‌టాప్ ప్యాకేజీని కూడా జోడించడం. పాత సీడీ టూల్స్ ఉన్న మెషీన్ అయితే ముందు వాటి అన్‌ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ నడిపి, రీబూట్ చేశాకే ప్యాకేజీ పెట్టాలి.

మైక్రోసాఫ్ట్ 2009 జులైలో తన హైపర్‌వైజర్ హైపర్-వీ కోసం రాసిన లైనక్స్ డ్రైవర్లను, దాదాపు 20,000 లైన్ల కోడ్‌ను, జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద కెర్నల్‌కు ఇచ్చింది. అప్పట్లో అది పెద్ద వార్త. విండోస్ గెస్ట్‌ల విషయంలో విండోస్ సర్వర్ 2016తో ఇంటిగ్రేషన్ సర్వీసెస్ సీడీ ఇమేజ్‌ను తీసేసి, అప్‌డేట్లను విండోస్ అప్‌డేట్ ద్వారా పంపడం మొదలుపెట్టింది.

వర్చువల్‌బాక్స్ ఈ దారిలో అందరికన్నా ఆలస్యంగా నడిచింది. గెస్ట్ డ్రైవర్ 2018లో 4.16 కెర్నల్‌లోకి, షేర్డ్ ఫోల్డర్ డ్రైవర్ 2020లో 5.6లోకి వచ్చాయి. అందుకే గెస్ట్ అడిషన్స్ సీడీతో కుస్తీ ఇంకా సాగుతోంది. అక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు హెడర్ల దగ్గర. నడుస్తున్న కెర్నల్ ఒకటి, పెట్టిన హెడర్లు దానికన్నా కొత్తవి. ముందు మొత్తం అప్‌డేట్ చేసి, రీబూట్ అయ్యాక, ఇప్పుడు నడుస్తున్న వెర్షన్‌కు సరిపోయే హెడర్లు పెట్టి, అప్పుడు ఇన్‌స్టాలర్ నడిపితే పని అవుతుంది. కంపైల్ అయినా మాడ్యూల్ లోడ్ కావడం లేదంటే సెక్యూర్ బూట్‌ను అనుమానించాలి. సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ ఒప్పుకోదు. మోక్‌యుటిల్ అనే పనిముట్టుతో సంతకపు కీని నమోదు చేసి, రీబూట్‌లో వచ్చే నీలి తెర మీద దాన్ని ఆమోదించాలి. షేర్డ్ ఫోల్డర్ కనిపిస్తున్నా తెరుచుకోకపోతే, యూజర్‌ను వీబాక్స్ఎస్ఎఫ్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి.

ఒక్కో హైపర్‌వైజర్‌కు ఒక్కో డ్రైవర్ కుటుంబం ఎందుకన్న ప్రశ్నకు లైనక్స్ కెర్నల్ డెవలపర్ రస్టీ రసెల్ ఇచ్చిన జవాబు వర్టియో అనే ఉమ్మడి డ్రైవర్ల కుటుంబం. 2008 జనవరిలో 2.6.24 కెర్నల్‌తో వచ్చి, తర్వాత ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ఆమోదం పొందింది. లైనక్స్‌లోని హైపర్‌వైజర్ కేవీఎం, దాని మీద కట్టిన ప్రాక్స్‌మాక్స్, అనేక క్లౌడ్‌లు దీని మీదే నడుస్తున్నాయి. లైనక్స్ గెస్ట్‌కు డ్రైవర్లు పెట్టాల్సిన పనే లేదు, క్యూఈఎంయూ (కేవీఎం గెస్ట్‌కు డివైస్‌లు అందించే ప్రోగ్రామ్) గెస్ట్ ఏజెంట్ ఒక్కటి పెడితే చాలు. అది సీరియల్ చానల్ ద్వారా హోస్ట్‌తో మాట్లాడుతుంది. ఆ చానల్ మెషీన్‌కు తగిలించి ఉండాలి. ప్రాక్స్‌మాక్స్ ఆప్షన్స్‌లో ఏజెంట్‌ను ఆన్ చేశాక గెస్ట్ లోపలి నుంచి రీబూట్ చేస్తే సరిపోదు. పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెడితేనే ఆ చానల్ పుడుతుంది. ఏజెంట్ నడవడం లేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

ఏజెంట్ విలువ బ్యాకప్‌లో తెలుస్తుంది. అది లేకుండా తీసిన స్నాప్‌షాట్, కరెంటు పోయిన క్షణాన డిస్క్ ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఏజెంట్ ఉంటే ఫైల్ సిస్టమ్ రాతలు ముగించి ఆగుతుంది. విండోస్‌లో బ్యాకప్‌ల కోసం ఉన్న వీఎస్ఎస్ సేవ డేటాబేస్‌లకూ కబురు పెడుతుంది, కానీ రాతలను పట్టి ఉంచే గడువు 10 సెకన్లే. స్టోరేజ్ నెమ్మదిగా ఉంటే గడువు దాటి బ్యాకప్ విఫలమవుతుంది. లైనక్స్‌లో డేటాబేస్‌ను సిద్ధం చేసే హుక్ స్క్రిప్ట్ మనమే రాసుకోవాలి.

విండోస్‌లో వర్టియో డ్రైవర్లు ఉండవు. అందుకే ఇన్‌స్టాల్ సమయంలో డిస్క్ జాబితా ఖాళీగా కనిపిస్తుంది. వర్టియో-విన్ అనే డ్రైవర్ల సీడీ ఇమేజ్‌ను (ఐఎస్ఓ) రెండో సీడీగా తగిలించి, లోడ్ డ్రైవర్ నొక్కి, వర్టియో స్కసీ కంట్రోలర్ అయితే వీఐఓస్కసీ ఫోల్డర్‌లో, వర్టియో బ్లాక్ అయితే వీఐఓస్టార్ ఫోల్డర్‌లో సరైన విండోస్ వెర్షన్‌ను ఎంచుకోవాలి. ఇప్పటికే నడుస్తున్న విండోస్‌లో బూట్ డిస్క్‌ను నేరుగా వర్టియోకు మార్చితే ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్ అంటూ నీలి తెర వస్తుంది. ముందు 1 జీబీ ఖాళీ వర్టియో డిస్క్ ఒకటి తగిలించి బూట్ చేసి, డ్రైవర్ ఎక్కాక ఆపి, అప్పుడు అసలు డిస్క్‌ను మార్చాలి.

2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ను కొన్నాక, లైసెన్సుల మార్పుతో చాలా సంస్థలు ప్రాక్స్‌మాక్స్ వంటి వాటికి మారుతున్నాయి. అక్కడ ఈ పాత చరిత్రంతా ఒకేసారి ఎదురవుతుంది. విండోస్‌లో వీఎంవేర్ టూల్స్‌ను తరలించకముందే తీసేయాలి, ఎందుకంటే వీఎంవేర్ బయట వాటి అన్‌ఇన్‌స్టాలర్ మొండికేస్తుంది. టూల్స్ తీయగానే వీఎంఎక్స్‌నెట్3 డ్రైవర్ కూడా పోయి నెట్‌వర్క్ తెగుతుంది, కాబట్టి ఆ పని రిమోట్ డెస్క్‌టాప్ నుంచి కాక కన్సోల్ నుంచి చేయాలి. ఐపీ వివరాలు ముందే రాసి పెట్టుకోవాలి. రెడ్ హ్యాట్ తరహా లైనక్స్‌లో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌ను (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఫైల్ సిస్టమ్) డ్రాకట్ అనే ప్రోగ్రామ్ ఆ మెషీన్‌కు కావాల్సిన డ్రైవర్లతోనే కడుతుంది. అందులో వర్టియో లేక బూట్ మధ్యలో డ్రాకట్ ఎమర్జెన్సీ షెల్‌లో ఆగిపోతుంది. తరలించకముందే డ్రాకట్‌ను నో-హోస్ట్‌ఓన్లీ ఆప్షన్‌తో నడపాలి. నెట్‌వర్క్ కార్డు పేరు కూడా ఈఎన్ఎస్192 నుంచి ఈఎన్ఎస్18కి మారవచ్చు. పాత పేరుతో రాసిన కాన్ఫిగరేషన్ అలాగే ఉంటే సర్వర్ లేస్తుంది గానీ అందుబాటులోకి రాదు.

చివరి సంగతి భద్రత. ఏజెంట్ రూట్ హక్కులతో, అంటే పూర్తి అధికారాలతో నడుస్తుంది. 2023 జూన్‌లో బయటపడిన సీవీఈ-2023-20867 అనే లోపంలో, ఈఎస్ఎక్స్ఐ (ఈఎస్ఎక్స్ తర్వాతి రూపం) హోస్ట్‌ను చేజిక్కించుకున్నవారు గెస్ట్ పాస్‌వర్డ్ లేకుండానే లోపల కమాండ్లు నడపగలిగారు. టూల్స్ 12.2.5 వెర్షన్‌లో దాన్ని సరిచేశారు. 2025లో వచ్చిన సీవీఈ-2025-41244 మరో రకం. ఏయే సర్వీసులు నడుస్తున్నాయో కనిపెట్టే స్క్రిప్ట్, టెంప్ ఫోల్డర్‌లో మామూలు యూజర్ పెట్టిన నకిలీ ప్రోగ్రామ్‌ను కూడా అసలైనదనుకుని రూట్‌గా నడిపేది. ఆ సర్వీస్ డిస్కవరీ భాగం ఎస్‌డీఎంపీ పేరుతో వేరే ప్యాకేజీగా వస్తుంది, వాడనిచోట తీసేయవచ్చు. క్యూఈఎంయూ ఏజెంట్‌లో కూడా హోస్ట్ నుంచి కమాండ్లు నడిపే, ఫైళ్లు తెరిచే వీలుంది. రెడ్ హ్యాట్ తన ప్యాకేజీలో వాటిని ముందే నిరోధించి ఇస్తోంది. ఆ జాబితా సిస్‌కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని క్యూఈఎంయూ-జీఏ ఫైల్‌లో ఉంటుంది. ఏదో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అడిగిందని మొత్తం జాబితాను చెరిపేయకుండా, దానికి కావాల్సిన కమాండ్ ఒక్కదాన్నే తెరవాలి.