వర్స్ అంటే నాగలి మలుపు

వాక్యాన్ని ముక్కలు చేసి ఒకదాని కింద ఒకటి పేరిస్తే కవిత అయిపోతుందా? ఛందస్సు లేకుండా రాసే వచన కవిత మీద ఈ అభ్యంతరం ఇప్పటిది కాదు. వచన కవిత కోసం గట్టిగా నిలబడ్డ కవి కుందుర్తి ఆంజనేయులు తన సంస్థకు ఫ్రీవర్స్ ఫ్రంట్ అని ఇంగ్లీషు పేరే పెట్టారు. ఆ పేరులోని 'వర్స్', అంటే పద్యం అనే మాట, ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే అసలు గొడవ ఎక్కడుందో తెలుస్తుంది.

దాని మూలం లాటిన్ 'వెర్సుస్'. మళ్ళడం అనే అర్థమున్న 'వెర్తెరె' అనే క్రియ నుంచి పుట్టింది. నాగలి చాలుకూ అదే మాట, రాతలో పంక్తికీ అదే మాట. రైతు గట్టు దాకా దున్ని, ఎద్దుల్ని మళ్ళించి కొత్త చాలు మొదలుపెడతాడు. కవి కూడా పంక్తి చివరికి వచ్చి వెనక్కి మళ్ళుతాడు. ప్రాచీన గ్రీకులు కొన్ని శాసనాలను అచ్చం ఇలాగే, ఒక పంక్తి ఎడమ నుంచి కుడికి, తర్వాతిది కుడి నుంచి ఎడమకు చెక్కారు. ఆ పద్ధతి పేరుకు అర్థం 'ఎద్దు మళ్ళినట్టు' అని.

వచనానికి ఇంగ్లీషు మాట 'ప్రోజ్' కూడా ఈ కుటుంబంలోదే. 'ప్రోర్సుస్', అంటే తిన్నగా ముందుకు సాగేది. దానికి మలుపు లేదు.

నన్ను బాగా కదిలించింది ఇంకొకటి. సంస్కృతంలో 'వృత్' ధాతువుకూ తిరగడం అనే అర్థం ఉంది. లాటిన్ వెర్తెరె, ఈ వృత్ ఒకే మూలం నుంచి వచ్చాయని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. మనం ఉత్పలమాల, చంపకమాలలను వృత్తాలు అంటాం కదా, ఆ మాట ఈ ధాతువుదే. అంటే వర్స్, వృత్తం దాయాదులు!

1880లలో ఫ్రెంచి కవులు ఛందస్సు లెక్కల నుంచి బయటికొచ్చి 'వేర్ లీబ్ర్' అన్నారు. ఇంగ్లీషులో అదే ఫ్రీ వర్స్ అయింది. లెక్క పోయినా పంక్తి మలుపు మిగిలింది. మనం మాత్రం దానికి వచన కవిత అని పేరు పెట్టుకున్నాం. వచనం అంటే ప్రోజ్. తిన్నగా సాగే దాని పేరును, మళ్ళుతూ నడిచే దానికి తగిలించాం. ముక్కలు చేసిన వాక్యమనే నింద ఇన్నాళ్ళు నిలవడానికి ఈ పేరు కూడా ఒక కారణమని నా నమ్మకం.