రెండో సాక్షిగా నిలబెట్టిన కాగితాలు

ఎవరికీ చూపించకుండా ఇంట్లో రాసి పెట్టుకున్న కాగితం నేరానికి సాక్ష్యం అవుతుందా? 1683లో లండన్‌లో అయింది. ఆల్జర్నన్ సిడ్నీ అనే పెద్దమనిషి ప్రాణం తీసింది.

అప్పుడు ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్. ఆయన తర్వాత గద్దె క్యాథలిక్ అయిన తమ్ముడు జేమ్స్‌కు దక్కకూడదని పార్లమెంటులో ఒక వర్గం పట్టుబట్టింది. ఆ గొడవ మధ్యనే, 1680లో, రాబర్ట్ ఫిల్మర్ రాసిన ‘పేట్రియార్కా’ అచ్చయింది. ఆయన చనిపోయి అప్పటికి పాతికేళ్లు దాటింది. ఆదాముకు బిడ్డల మీదున్న అధికారమే రాజులకు సంక్రమించిందని, రాజును ఎదిరించడమంటే కన్నతండ్రిని ఎదిరించడమేనని అందులో వాదన. రాజపక్షం దాన్ని నెత్తిన పెట్టుకుంది. దానికి జవాబు రాసినవాళ్లలో సిడ్నీ ఒకరు, తత్వవేత్త జాన్ లాక్ ఇంకొకరు.

రాజును చంపే కుట్ర బయటపడిందంటూ 1683 జూన్‌లో సిడ్నీని అరెస్టు చేశారు. ఇల్లు సోదా చేసి ఆ జవాబు రాతప్రతి పట్టుకుపోయారు. రాజద్రోహం రుజువు కావాలంటే ఇద్దరు సాక్షులు ఉండాలన్నది చట్టం. కుట్ర గురించి నేరుగా చెప్పగలిగినవాడు లార్డ్ హోవార్డ్ ఒక్కడే దొరికాడు. రెండో సాక్షి లేని చోట ఆ కాగితాలను నిలబెట్టారు. సిడ్నీకి కోర్టులో తన తరఫున వాదించే లాయరు లేడు. ఇది ఫిల్మర్‌కు జవాబు, మధ్యలోంచి ముక్కలు తీసి చదివితే ఎలా అని తనే అడిగాడు. రాయడమంటే చేయడమేనని జడ్జి జెఫ్రీస్ తేల్చేశాడు. డిసెంబర్ 7న టవర్ హిల్ మీద తల నరికారు.

లాక్ అప్పటికే హాలండ్ పారిపోయాడు. చార్లెస్ తర్వాత రాజైన జేమ్స్ 1688లో గద్దె దిగిపోయాక తిరిగొచ్చి, 1689 చివర్లో తన జవాబును పేరు లేకుండా అచ్చు వేయించాడు. ప్రభుత్వం జనం నమ్మి అప్పగించిన బాధ్యత, నమ్మకం చెడితే అధికారం తిరిగి జనానిదే అన్నాడు. మధ్య కాగితాలు పోయాయని, మిగిలినదానికంటే పోయిందే ఎక్కువని ముందుమాటలో చెప్పుకున్నాడు. 1704లో, వీలునామాకు చేర్చిన మాటల్లో గాని అది తన రచనేనని ఒప్పుకోలేదు. దాన్ని పిరికితనమని నేననను. సిడ్నీకి జరిగింది ఆయన మరిచిపోయి ఉండడు.

సిడ్నీ శిక్షను పార్లమెంటు 1689లో రద్దు చేసింది. 1696లో వచ్చిన చట్టంతో రాజద్రోహం కేసులో నిందితుడికి అభియోగాల నకలు, లాయరును పెట్టుకునే హక్కు దక్కాయి. మరో రెండేళ్లకు సిడ్నీ రచన పుస్తకంగా వచ్చింది, అట్ట లోపలి పేజీ మీద ఆయన పేరుతోనే.