ఓక్ వనాలు, బెల్టేన్ మంటలు: పరాయివాళ్లు రాసిపెట్టిన చరిత్ర

1999లో ఐర్లండ్‌లోని క్లేర్ కౌంటీలో, లటూన్ దగ్గర కొత్త రోడ్డు వేయబోతుంటే ఒక హాథార్న్ ముళ్లచెట్టు అడ్డొచ్చింది. మహావృక్షమేమీ కాదు, కాస్త ఎదిగిన పొద. అయినా జానపద కథలు చెప్పే ఎడ్డీ లెనిహన్ ఊరుకోలేదు. ఇది ఫెయిరీలు (అక్కడి జానపద నమ్మకంలోని మాయాజీవులు) యుద్ధానికి ముందు చేరే చోటనీ, నరికితే ఆ రోడ్డు మీద ప్రమాదాలు తప్పవనీ పత్రికలకెక్కాడు. సంగతి విదేశీ మీడియా దాకా పాకింది. చివరికి చెట్టును వదిలేసి రోడ్డు వేశారు. 2002లో ఎవరో దాని కొమ్మలన్నీ నరికేసి పోయారు. మొండెం మళ్లీ చిగురేసింది.

ఒక పొద కోసం ఇంత గొడవేమిటని నవ్వుకున్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. కానీ ఆ నేలలో చెట్టు నరకడం, నిప్పు ఆర్పడం అనేవి ఏనాడూ చిన్న విషయాలు కావు. పైగా కెల్టుల, అంటే ఒకప్పుడు పశ్చిమ ఐరోపాలో, బ్రిటన్, ఐర్లండ్ దీవుల్లో ఉన్న ప్రాచీన తెగల, చెట్ల గురించి, మంటల గురించి మనకు తెలిసిన దాంట్లో చాలా భాగం వాటిని నరికినవాళ్ల వైపు నుంచో, ఆర్పినవాళ్ల వైపు నుంచో వచ్చిందే.

కెల్టుల పూజారులు డ్రూయిడ్లు. తమ విద్యను రాతలో పెట్టడం వాళ్లకు నిషిద్ధమని జూలియస్ సీజర్ రాశాడు. అంతా కంఠస్థమే. ఆ నోళ్లు మూతబడ్డాక మిగిలింది రోమన్ల మాట. అందరూ చెప్పుకునే దృశ్యం క్రీ.శ. మొదటి శతాబ్దపు ప్లినీ రాసినది: చంద్రుడి ఆరో రోజున తెల్లబట్టలు కట్టిన డ్రూయిడ్ ఓక్ చెట్టెక్కి, దానిమీద పెరిగిన బదనికను బంగారు కొడవలితో కోస్తాడు, కింద తెల్లటి గుడ్డ పడతారు, తర్వాత రెండు తెల్ల ఎద్దుల్ని బలిస్తారు. బంగారం మెత్తటి లోహం. దాంతో బదనిక కాడ తెగుతుందా అన్న అనుమానం ఎవరికైనా రావాల్సిందే.

లూకన్ అనే కవి ఇంకో కథ చెప్పాడు. క్రీ.పూ. 49లో ఇప్పటి మార్సెయ్ నగరాన్ని ముట్టడించినప్పుడు సీజర్‌కు కలప కావాల్సొచ్చింది. దగ్గర్లోని పవిత్ర వనం మీద గొడ్డలి వేయడానికి సైనికులు జంకారు. సీజరే గొడ్డలి అందుకుని ఒక ఓక్ మీద వేటు వేసి, పాపం నాదే, ఇక కొట్టండి అన్నాడట. లూకన్ ఇది రాసింది వందేళ్ల తర్వాత, అదీ కావ్యంలో. కాబట్టి కొంత తగ్గించుకుని చదవాలి. బ్రిటన్‌లో మోనా దీవి, అంటే ఇప్పటి ఆంగ్ల్‌సీ, సంగతి రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. క్రీ.శ. 60 ప్రాంతంలో రోమన్ సైన్యం అక్కడ దిగి డ్రూయిడ్లను చంపి వనాలను నరికించింది.

పరాయివాళ్ల మాటతో పనిలేని సాక్ష్యం ఒకటుంది. ఉత్తర ఐర్లండ్‌లో ఆర్మా పట్టణం దగ్గర నేవన్ ఫోర్ట్ అనే దిబ్బ. 1960లలో తవ్వితే, కింద సుమారు 40 మీటర్ల వెడల్పున గుండ్రటి కట్టడం ఆనవాళ్లు బయటపడ్డాయి. వలయాలు వలయాలుగా ఓక్ గుంజలు, నడిమధ్య ఒక భారీ ఓక్ స్తంభం. దాని మొదలు మట్టిలో మిగిలే ఉంది. వయసు వలయాలు లెక్కపెడితే ఆ చెట్టును క్రీ.పూ. 95 ప్రాంతంలో కొట్టారని తేలింది. విచిత్రమేమిటంటే, అంత కట్టడాన్ని కట్టి, ఎవరూ కాపురముండకుండానే లోపలంతా రాళ్లతో నింపి, బయటినుంచి నిప్పు పెట్టి, పైన మట్టిగడ్డలు కప్పేశారు. శత్రువులు చేసిన పని కాదిది, కట్టినవాళ్లే కావాలని చేశారని పురావస్తు శాస్త్రవేత్తల అభిప్రాయం. ఎందుకో చెప్పే రాత ఒక్క ముక్క లేదు. చెట్టూ నిప్పూ ఒకే చోట కలిసిన ఈ తంతు ముందు ప్లినీ బంగారు కొడవలి నాకు వెలవెలబోతుంది.

క్రైస్తవం వచ్చాక కూడా ఐర్లండ్‌లో చెట్ల విలువ తగ్గలేదు. తెగ రాజుకు పట్టం కట్టేది పవిత్ర వృక్షం దగ్గరే. అందుకే పగవాడి చెట్టు కొడితే వాడి గద్దెను తన్నినట్టే. డాల్ కాష్ వంశపు పట్టాభిషేక వృక్షం మాగ్ అడైర్‌లో ఉండేది. 982లో మేల్ షెఖ్నాల్ అనే రాజు దాన్ని వేళ్లతో సహా తవ్వించి నరికించాడు. ఆ వంశంవాళ్లు ఊరుకున్నట్టు లేదు, ఎందుకంటే 1051లో అక్కడే ఉన్న చెట్టును ఇంకో రాజు పడగొట్టాడు. 1111లో ఉల్స్టర్ సేనలు తుల్లహోగ్ అనే చోట శత్రువుల చెట్లు కొట్టేస్తే, అవతలివాళ్లు వేల ఆవుల్ని తోలుకుపోయి పగ తీర్చుకున్నారు.

మామూలు చెట్లకూ చట్టం ఉంది. ఎనిమిదో శతాబ్దపు ఐరిష్ ధర్మశాస్త్రం 28 రకాల చెట్లనూ పొదలనూ నాలుగు తరగతులు చేసింది. పై తరగతిలో ఓక్, హేజెల్, హోలీ, యూ, యాష్, పైన్, అడవి ఆపిల్. పక్కవాడి ఓక్ నరికితే పాడి ఆవులు జరిమానాగా కట్టాలి. ఇక్కడ దైవభక్తి కన్నా పందులకు మేత వేసే ఓక్ కాయలు, తోళ్లు పదును చేసే బెరడు, ఇంటికి దూలాలు ముఖ్యం.

మంటల కథ కూడా ఆవుల చుట్టూనే. మే నెల మొదట్లో, బెల్టేన్ నాడు, డ్రూయిడ్లు రెండు మంటలు వేసి మంత్రాలతో పశువుల్ని వాటి మధ్య నుంచి తోలేవారని, ఏడాదంతా రోగం రాకుండా అలా చేసేవారని సుమారు 900 నాటి ఐరిష్ నిఘంటువు చెబుతోంది. స్కాట్లండ్ పశ్చిమ దీవుల్లో గొడ్లకు తెగులు సోకితే చేసే పనిని మార్టిన్ మార్టిన్ అనే రచయిత 1703లో వివరించాడు. ముందు ఊళ్లో నిప్పులన్నీ ఆర్పేస్తారు. పెళ్లయిన 81 మంది మగవాళ్లు, వంతుకు తొమ్మిది మంది చొప్పున, రెండు పెద్ద చెక్కల్ని ఒకదానితో ఒకటి రాపాడిస్తారు. అరణి మథించినట్టే, కాకపోతే ఊరంతటి అరణి. పుట్టిన నిప్పుతో నీళ్లు కాచి, జబ్బుచేసిన మనుషుల మీదా పశువుల మీదా చల్లుతారు.

1790లలో స్కాట్లండ్‌లోని కాలండర్ అనే ఊరి పాస్టరు బెల్టేన్ గురించి రాసినది ఇంకా ఆసక్తికరం. కుర్రాళ్లు ఊరి బయట బీడులో నిప్పు చేసుకుని ఓట్స్ రొట్టె కాల్చి ముక్కలు చేస్తారు. ఒక ముక్కకు బొగ్గు పూస్తారు. అన్నీ టోపీలో వేసి, కళ్లకు గంతలు కట్టుకుని తలా ఒకటి తీస్తారు. నల్లముక్క వచ్చినవాడు మంట మీదుగా మూడుసార్లు దూకాలి. ఇది ఒకప్పటి నరబలికి గుర్తు అని పాస్టరుగారి ఊహ. కుర్రాళ్లకు మాత్రం అది ఆటే అయి ఉంటుంది.

చర్చి ఈ మంటలన్నిటినీ ఆర్పలేదు, కొన్నిటిని తన గుమ్మంలోకి తెచ్చుకుంది. ఐర్లండ్‌లో, ఓక్ పేరే పెట్టుకున్న కిల్డేర్ అనే ఊళ్లో సెయింట్ బ్రిజిడ్ మఠం ఉండేది. అక్కడి అఖండాగ్ని గురించి వేల్స్‌కు చెందిన జెరాల్డ్ 1180లలో రాశాడు. 19 మంది సన్యాసినులు రాత్రికొకరు కాపలా, ఇరవయ్యో రాత్రి కట్టెలు పేర్చి బ్రిజిడ్‌కే అప్పగింత. కంచె దాటి మగవాడు లోపలికి రాకూడదు. నోటితో ఊదకూడదు, తిత్తులు వాడాలి. పదహారో శతాబ్దంలో మఠాలు మూయించినప్పుడు ఆ నిప్పు పోయింది. 1993లో సన్యాసినులే మళ్లీ వెలిగించారు. 2023 నుంచి బ్రిజిడ్ పేరిట దేశమంతా సెలవు.

ఇవాళ ఇంటర్నెట్‌లో తిరిగే వాటిలో చాలా సరుకు కొత్తది. పుట్టినరోజును బట్టి మీ చెట్టేదో చెప్పే ‘కెల్టిక్ వృక్ష పంచాంగం’ 1940లలో ఒక ఇంగ్లిష్ కవి అల్లిన దాని మీద కట్టిందే. ఎడిన్‌బరో కాల్టన్ హిల్ మీద జరిగే బెల్టేన్ మంటల ఉత్సవం 1988లో మొదలైంది. కొత్తదైతే తప్పేం లేదు, పాతదని అమ్మితేనే తంటా.

నిజంగా పాత ఆచారం ఒకటి మాత్రం ఇప్పుడు అడవి సిబ్బందికి టెన్షన్ పెడుతోంది. స్కాట్లండ్‌లో మన్‌లాకి ఊటబావి దగ్గర జబ్బున్నవాళ్లు గుడ్డపేలిక తడిపి చెట్టుకు కడతారు. గుడ్డ కుళ్లేకొద్దీ రోగం పోతుందని నమ్మకం. టూరిస్టులు కట్టేవి నైలాన్, పాలియెస్టర్. అవి కుళ్లవు, కొమ్మల్ని బిగించేస్తాయి. నూలో, ఉన్నో కట్టమని అధికారులు అడుగుతున్నారు. తీసేద్దామంటే ఒకరు కట్టిన పేలిక విప్పినవాళ్లకు ఆ రోగం అంటుకుంటుందని ఇంకో నమ్మకం.