కోరంగి మడ అడవి: కార్బన్ అంతా బురదలోనే

కార్బన్ మాట ఎత్తితే మనవాళ్లు వెంటనే మొక్కలు లెక్కపెడతారు: ఎన్ని లక్షలు నాటాం, ఎన్ని బతికాయి అని. కాకినాడ పక్కన గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగి మడ అడవి దగ్గర ఈ లెక్క పనికిరాదు. అక్కడి అసలు నిల్వ చెట్ల కిందున్న నల్లబురదలో ఉంది.

మడ, తిల్ల చెట్ల ఆకులూ వేర్లూ గోదావరి ఒండ్రుతో కలిసి పొరలు పొరలుగా పేరుకుంటాయి. పోటు నీరు వచ్చి తడుపుతూనే ఉంటుంది కాబట్టి ఆ బురదలోకి గాలి చొరదు, కుళ్లడం బాగా నెమ్మదిస్తుంది. కాలు దిగబడితే గుప్పుమనే కుళ్లిన గుడ్డు వాసన, లోపల ఆక్సిజన్ లేదనడానికి గుర్తు. మామూలు అడవిలో రాలిన ఆకు కార్బన్ చాలావరకు కొన్నేళ్లలోనే తిరిగి గాలిలో కలుస్తుంది. ఇక్కడ అది వందల ఏళ్లు ఉండిపోగలదు. 2011లో వచ్చిన ఒక అధ్యయనం ఇండో-పసిఫిక్ ప్రాంతంలో 25 మడ అడవులను కొలిస్తే హెక్టారుకు కార్బన్ నిల్వ సగటున వెయ్యి టన్నులు దాటింది, అందులో సింహభాగం నేలలోనే. ఆ అంకెను కోరంగికి అంటగట్టలేం, చోటును బట్టి మారుతుంది.

ఒకప్పుడు మడ అంటే వంటచెరకే. అటవీ శాఖే అడవిని కూపులుగా, అంటే వంతులవారీగా నరికే ముక్కలుగా విడగొట్టి, పాతికేళ్లకో ముప్పయ్యేళ్లకో ఒకసారి మొత్తం నరికించేది. మళ్లీ అదే మొలుస్తుందిలే అన్న ధీమా. చాలాచోట్ల మొలవలేదు. నీడ పోయిన నేల ఎండి కుంగింది. పోటుకు వచ్చిన నీరు ఆటుకు తిరిగి పోలేక పల్లంలో నిలిచి, ఆవిరై ఉప్పు మిగిల్చింది. నింద మాత్రం పశువుల కాపరుల మీద, కట్టెలు కొట్టుకునే పల్లెల మీద పడింది!

1978లో కోరంగి అభయారణ్యమైంది. తర్వాత తీరమంతా రొయ్యల చెరువుల జోరు. మడ నేలలో చెరువు తవ్వితే గట్టు మీదకెత్తిన బురదకు గాలి తగులుతుంది, అందులోని కార్బన్ మెల్లగా ఎగిరిపోతుంది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలోని (తీరం వెంట నిర్మాణాలపై ఆంక్షలున్న ప్రాంతంలోని) ఆ చెరువులను తొలగించమంది. 2005లో పార్లమెంటు చట్టం చేసి మళ్లీ వాటికి దారి ఇచ్చింది.

అడవిని తిరిగి తెచ్చిన పని వేరే జరిగింది. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్, అటవీ శాఖ, గ్రామ కమిటీలు కలిసి ఎండిన పల్లాల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించాయి. పోటు నీరు వచ్చిపోవడం మొదలై ఉప్పు కడుక్కుపోయింది, అప్పుడు మొక్కలు నిలిచాయి. పార పట్టిన కూలీలే అక్కడ అసలు అడవి పెంచారని నా అభిప్రాయం.

2030 నాటికి అడవుల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచుతామని పారిస్ ఒప్పందం వేళ భారత్ మాటిచ్చింది. 2023 బడ్జెట్‌లో మడ అడవుల కోసం 'మిష్టీ' పథకం ప్రకటించారు. ఈలోగా గోదావరి ఒండ్రు ఎగువన ఆనకట్టల వెనకే ఆగిపోతోంది. డెల్టాకు చేరేది బాగా తగ్గింది, తీరం చాలాచోట్ల కోసుకుపోతోంది.