చిత్త కార్తె రాకముందే రండి: కుక్కలు, పిల్లుల ఆపరేషన్లపై అపోహలు - వాస్తవాలు

ఏటా డిసెంబరు నెలాఖరులో మా ఫోన్ మోగుతూనే ఉంటుంది. "డాక్టర్ గారూ, మా సందులో కుక్క ఈనిందండీ, ఏడు పిల్లలు. ఎవరైనా వచ్చి తీసుకెళ్తారా?" అని అడుగుతారు. అడగకుండానే అట్టపెట్టెలో తెచ్చి మా గేటు ముందు పెట్టి వెళ్లేవాళ్లూ ఉన్నారు. తెల్లారి తలుపు తీస్తే చలికి బిగుసుకుపోయిన పిల్లలు కనిపిస్తాయి. ఇంకా కళ్లు కూడా తెరిచి ఉండవు.

డిసెంబరులోనే ఎందుకిలా జరుగుతుందో మన పెద్దలకు తెలుసు. చిత్త కార్తె కుక్కలు అన్న మాట ఊరికే పుట్టలేదు. అక్టోబరు రెండో వారంలో ఆ కార్తె వస్తుంది. వీధి కుక్కల్లో చాలా భాగం ఆ రోజుల చుట్టూనే జతకడతాయి. కుక్క చూలు సుమారు 63 రోజులు. అంటే డిసెంబరు రెండో సగంలో పిల్లలు పుడతాయి, సంక్రాంతి ముగ్గుల వేళకు వీధిలో తడబడుతూ తిరుగుతాయి.

నేను పశువైద్యుణ్ణి. హైదరాబాద్ శివార్లలో కుక్కలకు, పిల్లులకు ఉచితంగానో కొద్దిపాటి రుసుముతోనో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసే చోట పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను. లెక్క ప్రకారం జూన్ నుంచి సెప్టెంబరు దాకా మా ఆపరేషన్ బల్లలు ఖాళీగా ఉండకూడదు. కానీ జనం తక్కువగా వచ్చేది ఆ నెలల్లోనే. ఎందుకు తీసుకురాలేదని అడిగితే నాకు వినిపించే మాటలివి.

అపోహ: ఉచితంగా చేస్తున్నారంటే నాసిరకం పనే. కుక్క బతకదు.

ఈ భయానికి కారణం లేకపోలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక శిబిరం చూశాను. ఒకే ట్రేలో స్పిరిట్ పోసి, అవే కత్తెరలు ముంచి తీసి, వరుసగా కుక్క తర్వాత కుక్కకు వాడారు. వారం తిరక్కుండా సగం కుక్కలకు కుట్ల దగ్గర చీము పట్టింది. ఆ వీధి వాళ్లు మళ్లీ ఎవరినీ నమ్మలేదు. వాళ్లను నేను తప్పుపట్టలేను.

అయితే తక్కువ ఖర్చుకు, చెడ్డ పనికి సంబంధం లేదు. బయట క్లినిక్‌లో ఆడకుక్కకు ఆపరేషన్ అంటే వేల రూపాయలవుతుంది. మా దగ్గర తగ్గడానికి కారణాలు వేరే ఉన్నాయి. రోజంతా ఒకే రకం ఆపరేషన్, ఒకే బృందం. మందులు పెద్ద మొత్తంలో కొంటాం. జీతాలు, అద్దె దాతల సొమ్ముతోనో మున్సిపాలిటీ చెల్లింపులతోనో గడుస్తాయి. ఇక చేతి సంగతి. రోజుకు పదిహేను, ఇరవై ఆపరేషన్లు చేసే డాక్టరు కోత చిన్నదిగా ఉంటుంది, మత్తులో ఉంచే సమయం తక్కువ, రక్తం పోవడం తక్కువ. ఊటీలో వరల్డ్‌వైడ్ వెటర్నరీ సర్వీస్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే శిక్షణ కేంద్రంలో ఈ ఒక్క ఆపరేషన్‌నే డాక్టర్లకు పదేపదే చేయించి నేర్పుతారు.

మత్తు అన్నాక ప్రమాదం అసలు ఉండదని నేను ఎవరికీ చెప్పను. మన ప్రాంతంలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది కుక్కల ఒంటికి పట్టి రక్తం పీల్చే గోమార్లు. కొన్ని జిల్లాల్లో పిడుదులు అంటారు. అవి అంటించే జ్వరం వల్ల రక్తం గడ్డకట్టే గుణం తగ్గుతుంది. పైకి కుక్క హుషారుగానే ఉంటుంది, కోత పెట్టాక రక్తం ఆగదు. అందుకే చిగుళ్లు పాలిపోయినా, పొట్ట మీద ఎర్రటి చుక్కలు కనిపించినా ఆ రోజు ఆపరేషన్ చేయం. ముందు మందులిచ్చి, మూడు నాలుగు వారాల తర్వాత రమ్మంటాం. "మీరే తెమ్మన్నారు, మీరే పంపించేస్తున్నారు" అని కోప్పడతారు. కోప్పడినా సరే.

ఎక్కడికి తీసుకెళ్లినా మూడు ప్రశ్నలు అడగండి. ప్రతి జంతువుకూ ఆటోక్లేవ్ చేసిన (అంటే వేడి ఆవిరితో క్రిములు చంపిన) వేరే పరికరాల ప్యాక్ తీస్తారా? బరువు తూచి మత్తు ఇస్తారా? ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గే ఇంజెక్షన్ వేస్తారా? జవాబు చెప్పడానికి విసుక్కునే చోట చేయించొద్దు, అది ఉచితమైనా, ఖరీదైనదైనా.

అపోహ: నోరు లేని జీవికి పిల్లలు లేకుండా చేయడం పాపం.

ఈ మాట అనేవాళ్లకు జంతువులంటే ప్రేమ. అందుకే ఈ మాటకు నేను తొందరపడి జవాబు చెప్పను. వీధి కుక్కలకు రోజూ అన్నం పెట్టే ఒక పెద్దావిడ మమ్మల్ని రెండేళ్లపాటు తన సందులోకి రానివ్వలేదు. వల పట్టుకున్న మా కుర్రాళ్లను చూస్తే చీపురు తీసేది. ఒకరోజు ఆమె అరుగు మీద కూర్చుని అడిగాను.

"అమ్మా, పోయిన ఏడాది మీ నల్లకుక్క ఎన్ని పిల్లల్ని పెట్టింది?"

"ఆరు నాయనా."

"ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?"

ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టింది. రెండు చెత్త బండి కింద పడ్డాయి. ఒకదానికి వాంతులు, రక్త విరేచనాలు పట్టుకున్నాయి. ఇంకో రెండు ఏమయ్యాయో తెలియదు. మిగిలింది ఒకటి. చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకుంది. తర్వాతి వారం నల్లకుక్కను తనే ఎత్తుకుని ఆటోలో తెచ్చింది.

ఆమె సందు లెక్క ఎక్కడైనా అంతే. పశ్చిమ బెంగాల్‌లో ఐసర్ కోల్‌కతా అనే కేంద్ర విజ్ఞాన పరిశోధన సంస్థ పరిశోధకులు వీధి కుక్కల 364 పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనించారు. ఈడుకు వచ్చేదాకా బతికినవి 19 శాతమే. చనిపోయిన వాటిలో ఎక్కువ భాగానికి మనుషులే ఏదో ఒక రకంగా కారణం. బండ్లు, దెబ్బలు, విషం, తల్లి దగ్గర నుంచి ఎత్తుకుపోవడం. పాపం గురించి ఆలోచించేవాళ్లు ఈ అంకెను కూడా లెక్కలో వేసుకోవాలి.

అపోహ: ఆడకుక్క ఒక్కసారైనా పిల్లల్ని పెడితేనే ఆరోగ్యం.

వైద్యంలో దీనికి ఏ ఆధారమూ లేదు. జరిగేది దీనికి వ్యతిరేకం. ఎదకు వచ్చి తగ్గిన ఒకటి రెండు నెలలకు చాలా కుక్కలకు గర్భసంచిలో చీము పడుతుంది. విపరీతంగా నీళ్లు తాగుతుంది, తిండి మానేస్తుంది, కొన్నిటికి కింద నుంచి చీము కారుతుంది. కొన్నిటికి కారదు, అవి ఇంకా ప్రమాదం. స్వీడన్‌లో పెంపుడు కుక్కల బీమా రికార్డులు చూస్తే, ఆపరేషన్ చేయని ఆడకుక్కల్లో దాదాపు నాలుగింట ఒకదానికి పదేళ్లు నిండేలోపు ఈ జబ్బు వచ్చింది. ఆపరేషన్‌లో అండాశయాలతో పాటు గర్భసంచి కూడా తీసేస్తాం కాబట్టి ఇక ఆ భయం ఉండదు.

ఇంకో అలవాటు గురించి ఇక్కడే చెప్పాలి. ఆపరేషన్ ఎందుకు, ఎదకు వచ్చినప్పుడు ఒక హార్మోన్ ఇంజెక్షన్ వేస్తే సరిపోతుంది కదా అని కొందరు వేయిస్తారు. దయచేసి వద్దు. ఆ ఇంజెక్షన్లు గర్భసంచిలో చీముకు, రొమ్ము గడ్డలకు దారి తీస్తాయి. డబ్బు మిగులుతుందని వేయించి, రెండేళ్ల తర్వాత అర్ధరాత్రి ఎమర్జెన్సీ ఆపరేషన్‌కు తెచ్చిన వాళ్లను ఎంతమందినో చూశాను.

పెద్ద జాతి కుక్కల విషయంలో మాత్రం తొందర వద్దు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ లాంటి వాటికి ఎముకలు పూర్తిగా ఎదగకముందే ఆపరేషన్ చేస్తే కీళ్ల సమస్యలు పెరుగుతాయని అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధనల్లో తేలింది. ఎప్పుడు చేయించాలో మీ డాక్టరుతో మాట్లాడండి. మన దేశవాళీ కుక్కకు ఆరు నెలలు నిండితే చాలు.

అపోహ: ఇన్నేళ్లుగా ఆపరేషన్లు చేస్తున్నారు, కుక్కలు తగ్గలేదు, కరవడమూ ఆగలేదు.

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపేసిన వీడియో చూశాక చాలా రోజులు నాకు నిద్ర పట్టలేదు. ఆ బాబు తల్లిదండ్రుల ముందు నిలబడి ఆపరేషన్ల గొప్పతనం చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు, ఉండకూడదు కూడా. అందుకే ఈ ప్రశ్నను దాటవేయను.

ఆపరేషన్ పని చేస్తుంది. కానీ చెదురుమదురుగా చేస్తే చేయదు. వంద కుక్కలున్న పేటలో ముప్పైకి చేసి, ఫిర్యాదు వచ్చిందని ఇంకో పేటకు పోతే, మిగిలిన ఆడకుక్కలు ఒక్క చిత్త కార్తెలో ఆ లోటు పూడ్చేస్తాయి. చాలా ఊళ్లలో జరిగింది ఇదే. వార్డు సభ్యుడు ఫోన్ చేసిన చోటికి బండి పోతుంది, కాగితం మీద సంఖ్య పెరుగుతుంది, వీధిలో మార్పు కనపడదు.

జైపూర్‌లో హెల్ప్ ఇన్ సఫరింగ్ అనే సంస్థ 1994 నుంచి వదలకుండా ఒకే ప్రాంతంలో పని చేసింది. 2002 చివరికి దాదాపు 25 వేల కుక్కలకు ఆపరేషన్లు చేసి రేబిస్ టీకాలు వేశారు. అక్కడి ఆడకుక్కల్లో 65 శాతానికి ఆపరేషన్ పూర్తయింది. కుక్కల సంఖ్య 28 శాతం తగ్గింది. ఆ ప్రాంతంలో మనుషులకు రేబిస్ రావడం ఆగిపోయింది. అదే సమయంలో నగరంలో మిగతా చోట్ల కేసులు పెరిగాయి. ఈ పనికి ఎనిమిదేళ్లు పట్టింది. ఆరు నెలల్లో ఫలితం చూపిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి.

కాట్ల విషయానికొస్తే, పిల్లల్ని పెట్టిన కుక్క దగ్గరికి ఎవరొచ్చినా మీద పడుతుంది. ఎదలో ఉన్న ఒక్క ఆడకుక్క వెనక పది మగకుక్కలు గుంపు కడతాయి, ఆ గుంపు మధ్యలోంచి పిల్లలు బడికి నడవాలి. ఆపరేషన్ ఈ రెండు పరిస్థితులనూ తగ్గిస్తుంది. స్వభావమే దూకుడైన కుక్కను అది సాధువును చేయదు. రేబిస్‌నూ ఆపరేషన్ ఆపదు, టీకా ఆపుతుంది. అందుకే రెండూ ఒకేసారి చేస్తాం. రేబిస్ వ్యాప్తి ఆగాలంటే కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఏ కుక్క కరిచినా, ఆపరేషన్ అయిన గుర్తుగా చెవికి గాటు ఉన్న కుక్క కరిచినా, పెంపుడు కుక్క గోరు గీరినా సరే, పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు.

అపోహ: పట్టుకెళ్లి ఊరవతల వదిలేస్తే పీడ వదులుతుంది.

మా సిబ్బందికి డబ్బులిస్తామని కూడా అడుగుతారు. ఒక వీధిలో తిండి ఉంది కాబట్టి అక్కడ కుక్కలున్నాయి. ఉన్నవాటిని తీసేస్తే చెత్తకుప్ప అలాగే ఉంటుంది, మాంసం కొట్టు అలాగే ఉంటుంది, పక్క వీధి కుక్కలు వస్తాయి. టీకా పడ్డ పాత కుక్క పోయి, టీకా లేని కొత్త కుక్క వచ్చినట్టవుతుంది. కేంద్రం తెచ్చిన 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసిన కుక్కను పట్టిన చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబిస్ ఉన్నవి లేదా అనుమానం ఉన్నవి, దూకుడుగా ఉన్నవి తప్ప మిగతా వాటిని అదే ప్రాంతంలో వదలమంది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను మాత్రం తిరిగి అక్కడ వదలకుండా షెల్టర్లకు తరలించాలని అదే ఏడాది నవంబరు 7న ఆదేశించింది. విషం పెట్టడం అన్నిటికన్నా ఘోరం. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అది జైలుశిక్ష పడే నేరం.

చెవి కొన మీద వి అక్షరంలా చిన్న గాటు కనిపిస్తే ఆ కుక్కకు ఆపరేషన్ అయినట్టే. మీ వీధిలో గాటు లేని ఆడకుక్కలు ఎన్నో ఒక సాయంత్రం నడుస్తూ లెక్కపెట్టండి. మాకు కావాల్సిన సమాచారం అదే.

అపోహ: మగకుక్కకు అనవసరం.

మగకుక్క కంటే ముందు ఆడకుక్కకు చేయమని నేనూ అంటాను, కుక్కల సంఖ్య తగ్గేది అక్కడే. కానీ మగవాటికి జతకట్టడం ద్వారా అంటుకునే క్యాన్సర్ గడ్డ ఒకటి మన వీధుల్లో చాలా ఎక్కువ. జననాంగం దగ్గర కాలీఫ్లవర్ పువ్వులా పెరిగి రక్తం కారుతుంది. వారానికో ఇంజెక్షన్ చొప్పున నెల పైగా వేస్తే చాలావరకు నయమవుతుంది. ఆపరేషన్ అయిన మగకుక్క ఆడకుక్కల వెంట పడదు కాబట్టి ఇది అంటుకునే అవకాశమే తగ్గుతుంది. ఒక జాగ్రత్త: ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని వారాలు వీర్యకణాలు మిగిలి ఉంటాయి. నెల రోజులు విడిగా ఉంచండి.

అపోహ: లావెక్కి, సోమరై, ఇల్లు కాయడం మానేస్తుంది.

కాపలా బుద్ధికి, ఆపరేషన్‌కు సంబంధం లేదు. లావు మాత్రం నిజం. తిండి పావు వంతు తగ్గించండి, రోజూ నడిపించండి.

అపోహ: మా పిల్లి ఇంకా చిన్నదే, ఏడాది నిండాక చూద్దాం.

పిల్లుల్లో ఈ ఒక్క మాట చేసే నష్టం అంతా ఇంతా కాదు. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రాగలదు. కుక్కలా కార్తె కోసం ఆగదు. పగటి వెలుతురు ఏడాది పొడవునా బాగా ఉండే మన దగ్గర దాదాపు అన్ని నెలల్లోనూ పిల్లల్ని పెడుతుంది. జతకట్టాకే అండం విడుదలవుతుంది కాబట్టి చూలు నిలవడం తేలిక. పాలిస్తూ ఉండగానే మళ్లీ చూలు కడుతుంది. కింద పడి దొర్లుతూ, గొంతు చించుకుని అరుస్తుంటే కడుపునొప్పి అనుకుని తెస్తారు. అది ఎద. ఏడాది లోపు ఆపరేషన్ చేస్తే రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా బాగా తగ్గుతుంది. పిల్లుల్లో ఆ గడ్డలు చాలావరకు ప్రాణాంతకమైనవే.

ఆపరేషన్‌కు తెచ్చేటప్పుడు చీర చెంగులోనో, గుడ్డ సంచిలోనో చుట్టి తేవద్దు. ఆటో హారన్‌కు బెదిరి చేతుల్లోంచి దూకి పారిపోయిన పిల్లులు ఉన్నాయి. ప్లాస్టిక్ కూరగాయల బుట్టలు రెండు ఒకదాని మీద ఒకటి బోర్లించి తాడుతో కట్టినా చాలు. పెద్ద పిల్లికి, కుక్కకు ముందు రోజు రాత్రి పది తర్వాత తిండి పెట్టకండి. నీళ్లు తెల్లవారేదాకా ఇవ్వొచ్చు. నాలుగైదు నెలల పిల్లి కూనను మాత్రం రాత్రంతా పస్తు ఉంచొద్దు, మూడు నాలుగు గంటలు ఆపితే సరిపోతుంది. ఇంటికి తీసుకెళ్లాక పూర్తిగా తెలివి వచ్చేదాకా నేల మీదే, వెచ్చగా పడుకోబెట్టండి. మంచం మీద, అటక మీద వద్దు. పది రోజులు కుట్లు నాకనివ్వకండి, స్నానం చేయించకండి. కుట్ల దగ్గర వాపు, దుర్వాసన, రక్తం కనిపిస్తే రాత్రయినా ఫోన్ చేయండి. దానికి కూడా మేము డబ్బు తీసుకోం.