షుగర్ బిళ్లకీ కడుపులో గుడగుడకీ ఏమిటి సంబంధం?

మా నాన్నకి షుగర్ బయటపడిన కొత్తలో డాక్టరు మెట్‌ఫార్మిన్ రాశారు. మొదటి వారమంతా కడుపులో గుడగుడ, గ్యాస్, నీళ్ల విరేచనాలు. "షుగర్ సంగతి దేవుడెరుగు, ఈ బిళ్ల నన్ను గడప దాటనివ్వట్లేదు" అని విసుక్కునేవారు. భోజనంతో పాటు వేసుకోమన్నాక సర్దుకుంది. కాలేయం మీద పనిచేసే మందని దానికి పేరు. మరి రభసంతా పేగులో ఎందుకు?

మన ఒంట్లో కాపురముండే బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు. దాదాపు అన్నీ పెద్దపేగులోనే. అన్నింటినీ కలిపి తూచినా పావుకిలో ఉండవు. మనకు అరగని పీచును అవి పులియబెట్టుకుని తింటాయి. అప్పుడు బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు పుడతాయి. పెద్దపేగు గోడ కణాలు ప్రధానంగా బతికేది ఈ బ్యుటిరేట్ మీదే. పేగులోంచి జీఎల్‌పీ-1 అనే, తిన్నాక ఇన్సులిన్‌ని పెంచే హార్మోన్‌ని విడుదల చేయించడంలోనూ ఈ ఆమ్లాలకు చెయ్యుంది. బరువు తగ్గిస్తాయని ఈమధ్య అందరూ చెప్పుకునే ఇంజెక్షన్లు ఆ హార్మోన్‌కి నకళ్లే.

2012లో చైనా శాస్త్రవేత్తలు 345 మంది మలంలోని డీఎన్‌ఏని చదివారు. షుగర్ ఉన్నవాళ్లలో బ్యుటిరేట్ తయారుచేసే జాతులు తగ్గాయన్నారు. మరుసటేడు స్వీడన్‌లో డెబ్బై ఏళ్ల స్త్రీలలోనూ అదే కనిపించింది కానీ, మిగతా తేడాలు చైనా లెక్కతో పొసగలేదు. 2015లో 784 నమూనాలను మళ్లీ తిరగేస్తే దొంగ దొరికాడు: మెట్‌ఫార్మిన్! రోగంతో వచ్చాయనుకున్న మార్పుల్లో చాలావరకు బిళ్ల తెచ్చినవే. ఎషెరీషియా బాక్టీరియా పెరగడం అలాంటిదే. బ్యుటిరేట్ జాతుల తరుగు మాత్రం మందు వాడని రోగుల్లోనూ ఉంది.

నాకు దీనికంటే ఆసక్తిగా అనిపించింది 2017 నాటి ప్రయోగం. కొత్తగా షుగర్ వచ్చినవాళ్లకు నాలుగు నెలలు మెట్‌ఫార్మిన్ ఇచ్చి, ముందూ తర్వాతా తీసిన మలాన్ని, ఒంట్లో ఏ బాక్టీరియా లేకుండా పెంచిన ఎలుకల్లోకి ఎక్కించారు. మందు వాడాక తీసిన బాక్టీరియా అందిన ఎలుకల రక్తంలో, గ్లూకోజ్ ఇచ్చాక షుగర్ అంతగా పెరగలేదు. అంటే ఆ బిళ్ల తన పనిలో కొంత బాక్టీరియాతో చేయిస్తుందన్నమాట.

అలాగైతే సన్నటివాళ్ల బాక్టీరియాని తెచ్చి లావుగా ఉన్నవాళ్లకి ఎక్కిస్తే పోలా? నెదర్లాండ్స్‌లో అదీ చేశారు. ఊబకాయంతో పాటు ఇన్సులిన్ సరిగా పనిచేయని 38 మంది మగవాళ్లపై ప్రయోగిస్తే, సన్నటి దాతల బాక్టీరియా అందినవాళ్లకి ఆరు వారాలకు ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది. పద్దెనిమిదో వారానికి మళ్లీ మొదటికే.

షాంఘైలో బాక్టీరియాని తేవడానికి బదులు ఉన్నవాటికి మేత పెంచారు. 2018లో వచ్చిన ఫలితాల ప్రకారం, రెండు బృందాలకూ ఒకే మందు ఇచ్చి, ఒక బృందానికి పీచు బాగా పెంచితే, పన్నెండు వారాలకి వాళ్లలో 89 శాతం మందికి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే రక్తపరీక్ష) 7 శాతం లోపుకి దిగింది. రెండో బృందంలో 50 శాతానికే. అయితే మొత్తం 43 మందే, పైగా ఆ తిండిలో చైనా ఔషధ దినుసులూ ఉన్నాయి. కాబట్టి నాన్న తినే జొన్నరొట్టె, గోరుచిక్కుడు కూరకి ఆ అంకెల్ని అంటగట్టలేం.