పగలని గ్లాసు, ఊగే కుర్చీ: యూదు వేడుకల హాస్యనాటకంపై అపోహలు - వాస్తవాలు

న్యూజెర్సీలో ఒక ఔత్సాహిక నాటక బృందానికి రంగసామగ్రి చూస్తుంటాను. కుర్చీలు, కప్పులు, అట్టతో చేసిన కేకులు నా పరిధి. ఆమధ్య ఒక హాస్యనాటకం ఆడాం. పదమూడేళ్ళు నిండిన కొడుకుకు చేసే బార్ మిట్జ్వా వేడుకను పక్కింటివాళ్ళ కంటే ఘనంగా చేయాలని ఇల్లు తాకట్టు పెట్టబోయే ఒక అమెరికన్ యూదు తండ్రి కథ అది. చూసిన తెలుగు మిత్రుల ప్రశ్నల్లోనూ, రిహార్సళ్ళలో మేము చేసిన తప్పుల్లోనూ కొన్ని అపోహలు పదేపదే ఎదురయ్యాయి.

అపోహ: ఇలాంటి నాటకాలు యూదులను వెక్కిరించడానికే.

వాస్తవం: ఆర్భాటాన్ని అందరికంటే ముందు తప్పుపట్టింది వాళ్ళ పెద్దలే. ఒకప్పుడు అంత్యక్రియల ఖర్చు చావుకన్నా బరువై, బంధువులు శవాన్ని వదిలి పారిపోయేవారని యూదు ధర్మచర్చల ప్రాచీన గ్రంథం తాల్మూద్ చెబుతుంది. అందుకే రబ్బాన్ గమలియేల్ అంతటి పెద్ద పండితుడు తనను మామూలు నారబట్టల్లో సాగనంపమన్నాడు. 1418లో ఇటలీలోని ఫోర్లీలో కూడిన యూదు ప్రతినిధులైతే విందుకు ఎంతమందిని పిలవవచ్చో కూడా నిర్ణయించారు. నలుగురూ ఏమనుకుంటారో అనే భయం అంత పాతది. మా నాటకంలో తండ్రిని ఆడించేదీ అదే.

నవ్వించడమూ వేడుకలో భాగమే. తూర్పు ఐరోపా యూదుల పెళ్ళిళ్ళలో బాద్ఖన్ అనే ప్రాసల విదూషకుడు ఉండేవాడు. ముందు పెళ్ళికూతురిని ఏడిపించి, తర్వాత అతిథులను నవ్వించేవాడు. మన వియ్యపురాలి పాటల్లోని ఎత్తిపొడుపులు ఎరిగినవారికి ఇది కొత్తగా అనిపించదు. 1876లో అబ్రహాం గోల్డ్‌ఫాడెన్ రొమేనియాలోని యాష్ పట్టణంలో తూర్పు ఐరోపా యూదుల భాష యిద్దిష్‌లో నాటక బృందం మొదలుపెట్టేనాటికే ఈ హాస్యానికి ప్రేక్షకులు సిద్ధంగా ఉన్నారు.

అపోహ: బార్ మిట్జ్వా అంటే పార్టీ.

వాస్తవం: పదమూడేళ్ళు నిండగానే పిల్లవాడు బార్ మిట్జ్వా అయిపోతాడు, అంటే ధర్మశాస్త్ర విధులకు తానే బాధ్యుడవుతాడు. హాలు బుక్ చేసినా చేయకపోయినా అంతే. ఆడపిల్లలకు సంప్రదాయం ప్రకారం పన్నెండేళ్ళు. అమెరికాలో తొలి బాత్ మిట్జ్వా (ఆడపిల్ల వేడుక)గా చెప్పుకునేది 1922 మార్చి 18న న్యూయార్క్‌లో జరిగింది. రబ్బీ (యూదు మతగురువు) మోర్దెకాయ్ కప్లాన్ కుమార్తె జూడిత్ ఆ రోజు చదివింది తోరా అనే ధర్మశాస్త్రపు చేతిరాత చుట్ట నుంచి కాదు, అచ్చు పుస్తకం నుంచి.

అపోహ: పెళ్ళిలో పెళ్ళికొడుకు గ్లాసును తొక్కి పగలగొట్టడం ఉత్త సరదా.

వాస్తవం: తాల్మూద్‌లో ఒక పండితుడు తన కొడుకు పెళ్ళిలో రబ్బీలు మరీ చెలరేగిపోవడం చూసి, 400 జూజ్‌ల (ఆనాటి వెండి నాణేలు) విలువైన కప్పు తెచ్చి వాళ్ళ ముందే పగలగొట్టాడు. అందరి ముఖాలూ వాడిపోయాయి. రోమన్లు క్రీ.శ. 70లో జెరూసలేం ఆలయాన్ని నేలమట్టం చేసిన దుఃఖంతో తర్వాతి కాలపు యూదులు ఈ ఆచారాన్ని ముడిపెట్టారు. ఆ ఒక్క క్షణం నిశ్శబ్దం లేకపోతే వెంటనే వచ్చే "మజల్ టోవ్" అనే శుభాకాంక్షల కేక పేలదు.

ఆ క్షణాన్ని పాడుచేసింది నేనే. నాటకం చివరి రంగంలో పిల్లవాడి అక్క పెళ్ళి ఉంటుంది. దానికి అందంగా ఉందని మందపాటి గాజు గ్లాసు పెట్టాను. పెళ్ళికొడుకు మూడుసార్లు తొక్కాడు. గ్లాసు దొర్లుకుంటూ వేదిక అంచుకు పోయింది, అతను కుంటుకుంటూ దాని వెంట వెళ్ళాడు. మర్నాటి నుంచి పాత ఫిలమెంట్ బల్బు వాడాం. దాన్ని తెల్ల రుమాలులో రెండు చుట్లు చుట్టి గట్టిగా ముడివేయాలి, ఎందుకంటే ఆ వెంటనే పలచని చెప్పులతో నాట్యం చేసేవాళ్ళు వస్తారు. చివరి వరుసకూ "ఫట్" మని వినిపిస్తుంది. నిజం పెళ్ళిళ్ళలోనూ చాలామంది వాడేది బల్బే.

అపోహ: విందు బల్ల మీద ఏం పెట్టినా దూరం నుంచి ఎవరికి కనిపిస్తుంది?

వాస్తవం: కనిపిస్తుంది. కోషర్ అనే యూదు ఆహార నియమం పాటించే ఇంట్లో మాంసాన్నీ పాలనూ కలపరు. మాంసం వడ్డించిన బల్ల మీద కాఫీ కోసం నేను పాలజగ్గు పెట్టాను. విరామంలో ఒక పెద్దావిడ వచ్చి, "ఆ జగ్గులో ఉన్నది పాలేనా నాయనా?" అని మెల్లగా అడిగింది. జగ్గు తీసేశాం. మర్నాడు తాత పాత్రధారి నల్ల కాఫీ తాగి ముఖం చిట్లిస్తే, రచయిత రాయని నవ్వొకటి దక్కింది.

అపోహ: వేడుక నాట్యంలో ఒకరిని కుర్చీలో కూర్చోబెట్టి పైకెత్తడం తేలిక.

వాస్తవం: మడత కుర్చీ వద్దు. ఎత్తడానికి నలుగురు సమాన ఎత్తువాళ్ళు కావాలి, కుర్చీ ముందు కాళ్ళు కాస్త పైకి ఉండాలి. కూర్చున్నవాడి ముఖంలో భయం నటించమని చెప్పనక్కరలేదు.

అపోహ: యూదులందరి వేడుకలూ ఇలాగే ఉంటాయి.

వాస్తవం: మహారాష్ట్ర బెనే ఇజ్రాయెల్ యూదులు శుభకార్యాల్లో ఏలియా ప్రవక్తను తలచుకుంటూ మలీదా పెడతారు. అది తీపి అటుకులు, పళ్ళు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనే ఎఫ్రాయిం సమాజం ఉంది. మా నాటకం అమెరికాలోని ఒక ఇంటి గురించే.

అపోహ: తోరా చుట్ట అసలుది ఉంటే రంగం పండుతుంది.

వాస్తవం: అసలుది తోలు మీద చేత్తో రాస్తారు, అక్షరాలు 3,04,805. ఒక్కటి చెడినా దిద్దేవరకు చదవడానికి పనికిరాదు. దాన్ని వేదిక మీదికి తేవద్దు. మేము గోధుమరంగు కాగితాన్ని రెండు కర్రలకు చుట్టాం. చదివేటప్పుడు వేలు తగలకుండా చూపే యాద్ అనే పుల్లను మాత్రం బాగా చేయించాం. గొంతు మారుతున్న పిల్లవాడు దాన్ని వణుకుతూ పట్టుకుంటాడు, రెండో పంక్తిలో గొంతు కీచుమంటుంది. మూడు వందల మంది విందు రంగంలో కన్నా అక్కడే మా హాలు ఎక్కువ నవ్వింది.